మడమ నొప్పి, పొద్దుటి నిద్ర

తలుపు తీసేసరికి ఎదురుగా ఒక అమ్మాయి నిలబడి ఉంది. మెడలో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అవి ఏడ్చిన కళ్ళో, నిద్రలేని కళ్ళో అతనికి అర్థం కాలేదు.

"కింది వాటాలో దిగానండీ, ఈమధ్యే," అంది. "ఒక్క మాట అడగొచ్చా?"

"అడగండి."

"రోజూ పొద్దున్నే మీ ఇంట్లో ఏం దొర్లిస్తారు?"

అతను ఒక్క క్షణం ఆలోచించి నిజమే చెప్పాడు. "సీసా."

"సీసానా?"

"నీళ్ళ సీసా. గడ్డకట్టింది."

ఆమె అతని ముఖంలోకి పరీక్షగా చూసింది, వేళాకోళమేమోనని. అక్కడ వేళాకోళం లేదు, ఆ పైన వివరంగా చెప్పే ఉద్దేశమూ లేదు.

"సరేనండీ, సీసాలతో ఆడుకోవడం మీ ఇష్టం. నేను రాత్రి డ్యూటీ చేసి అప్పుడే ఇంటికొస్తాను. ఇలా నడుం వాలుస్తానో లేదో, అలా నా నెత్తిమీద గడగడమని మొదలవుతుంది. ఆ ఆటేదో సాయంత్రం ఆడుకోకూడదా?"

"సారీ అండీ. ఇక వినపడదు."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. పోట్లాడటానికి మెట్లెక్కుతూ కూడబెట్టుకున్న మాటలన్నీ అలాగే మిగిలిపోయాయి. తలూపి కిందికి వెళ్ళిపోయింది.

వంటింట్లోంచి వాళ్ళమ్మ అంతా వింది. "కాలు నొప్పని చెప్పడానికి నీ నోరేమైందిరా?"

"చెప్తే ఆవిడకి నిద్రొస్తుందా?" అన్నాడు అతను, సీసాని తిరిగి ఫ్రిజ్‌లో పెడుతూ.

అతను ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో ఆఫ్‌సెట్ మెషిన్ నడుపుతాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా సిమెంటు నేల మీద నిలబడే పని. కాగితం అందించడం, సిరా చూసుకోవడం, అచ్చయి వచ్చిన కాగితాన్ని, అంటే ఫారాన్ని, వెలుతురుకి పట్టి రంగు సరిపోయిందో లేదో పరీక్షించడం, అన్నీ నిలబడే చేయాలి. ఆ మెషిన్ చప్పుడులో తేడా వస్తే మిగతావాళ్ళకంటే ముందు అతనికి తెలుస్తుంది. అతని గర్వమంతా అదే. బయట నాలుగు మాటలు మాట్లాడమంటే మాత్రం ఒకదానితో సరిపెడతాడు.

చలికాలం మొదట్లో ఎడమ మడమలో నొప్పి మొదలైంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు మీద వేసినట్టుండేది. నాలుగడుగులు నడిస్తే కాస్త సర్దుకునేది, సాయంత్రానికి మళ్ళీ తిరగబెట్టేది. మందు రాశాడు. వేడినీళ్ళలో పెట్టాడు. చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు.

"అరికాలి కింద, మడమ నుంచి వేళ్ళ దాకా ఒక గట్టి పట్టీలాంటిది ఉంటుంది," అని డాక్టర్ తన అరచేతి మీద గీసి చూపించాడు. "నిలబడి నిలబడి అది మడమ దగ్గర దెబ్బతింది. రాత్రి పడుకున్నప్పుడు బిగుసుకుంటుంది. పొద్దున మొదటి అడుగుకి ఒక్కసారిగా సాగుతుంది. అందుకే ఆ నొప్పి. ప్లాంటర్ ఫేషియైటిస్ అంటారు."

పక్కన కూర్చున్న అమ్మకి అందులో ఫేషియల్ అన్నదొక్కటే వినపడింది. "ముఖానికి చేసేది కాలికెందుకొచ్చిందండీ?" అని అడిగింది.

డాక్టర్ నవ్వి, చేయవలసినవి చెప్పాడు. గోడకి చేతులానించి పిక్కలు సాగదీయాలి. గడ్డకట్టిన సీసాని అరికాలి కింద దొర్లించాలి. మెత్తటి మడమ ఉన్న చెప్పులు ఇంట్లో కూడా విడవకూడదు. వీలైనంత తక్కువ నిలబడాలి. తగ్గుతుంది గానీ నెలలు పడుతుంది, ఓపిక కావాలి.

తక్కువ నిలబడాలన్నదానికి తప్ప మిగతా అన్నింటికీ అతను తలూపాడు. నిలబడకుండా మెషిన్ నడిచేదెలా?

ఆ అమ్మాయి వచ్చి వెళ్ళాక సీసా ఆపేశాడు. కింద దుప్పటి పరిచి చూశాడు, దొర్లలేదు. సాయంత్రం చేద్దామంటే ప్రెస్ నుంచి వచ్చేసరికి కాలు ఆనించుకోలేని స్థితిలో ఉండేది. పొద్దున చేసినప్పుడున్న సుఖం అప్పుడుండేది కాదు. కింది వాటా అమ్మాయి అంబులెన్సు కంట్రోల్ రూమ్‌లో రాత్రంతా ఫోన్లు తీస్తుందని అమ్మ ఎవరి దగ్గరో విని వచ్చి చెప్పింది. ఆ మాట విన్నాక సీసా ముట్టుకోవాలంటే అతనికి ఇంకా మనసొప్పలేదు.

నొప్పి ముదిరింది. ఒకరోజు ప్రెస్‌లో అతను ఒంటికాలి మీద నిలబడి ఉండగా ఫోర్‌మన్ వచ్చాడు.

"ఏమయ్యా, కొంగజపం మొదలుపెట్టావా?" అని నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపేశాడు. "రోలర్ల దగ్గర తూలితే చెయ్యి లోపలికి పోతుంది. కొన్నాళ్ళు బైండింగ్‌లో కూర్చో. ఫారాలు మడత పెట్టు."

"వద్దు సార్. తూలను."

ఫోర్‌మన్ బలవంతం చేయలేదు. కానీ ఆరోజు నుంచి అతని కాలి మీద ఒక కన్ను వేసి ఉంచాడు.

కింది వాటాలో ఆమెకి ఇల్లంతా నిశ్శబ్దమే. అయినా నిద్ర రాలేదు.

తెర వేసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నా రాలేదు. ఆ చప్పుడే నిద్ర చెడగొట్టిందని ఇన్నాళ్ళూ నమ్మింది. చప్పుడు పోయాక తప్పు మోపడానికి ఏమీ మిగల్లేదు. వెల్లకిలా పడుకుని పైకప్పు వంక చూస్తుంటే పైన నడిచే అడుగులు వినపడేవి. ఒక అడుగు నిండుగా, ఇంకొకటి మునివేళ్ళ మీద. రాత్రంతా కనపడని మనుషుల ఊపిరి విని వాళ్ళకేమైందో పోల్చుకోవడమే ఆమె పని. పైన నడిచే మనిషికి ఏదో నొప్పి ఉందని గ్రహించడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఒక పొద్దున వాన పడుతోంది. ఆమె డ్యూటీ నుంచి వచ్చి గేటు తీస్తుంటే అతను మెట్లు దిగుతున్నాడు. పక్కకి తిరిగి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఎడమకాలు ముందు దించి, కుడికాలిని దాని పక్కకి చేర్చి, మళ్ళీ ఎడమకాలు. వాన జల్లు ముఖాన కొడుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి వదలడం లేదు.

ఆమె గొడుగు తీసుకెళ్ళి అతని తల మీద పట్టింది.

"ఏ కాలు?"

"ఏం లేదండీ."

"మడమా?"

అతను ఇంకో మెట్టు దిగాడు.

"ఆ సీసా దీనికేనా?"

"ఊ."

"మరి ఆరోజే చెప్పొచ్చుగా?"

"మీరు సాయంత్రం ఆడుకోమన్నారు కదండీ," అన్నాడు అతను. నవ్వించాలని అన్న మాట కాదు. ఆమెకి మాత్రం ముందు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వానలో ఏది ఏదో తెలియకుండా పోయినందుకు సంతోషించింది.

ఆ సాయంత్రం డ్యూటీకి వెళ్ళేముందు పైకి వచ్చింది. ఈసారి అమ్మ తలుపు తీసింది.

"ఆంటీ, రేపట్నుంచి మీ అబ్బాయిని పొద్దున్నే మా వాటాకి పంపండి, సీసాతో సహా. నా కింద ఎవరూ లేరు, నేల ఒక్కటే ఉంది. అది కంప్లైంట్ చేయదు."

"మరి నీ నిద్రో?"

"అది ఎలాగూ రావడం లేదు."

అమ్మ ఆమె ముఖంలోకి ఒకసారి చూసింది. "వాడొక్కడినీ పంపితే నీతో నాలుగు మాటలైనా మాట్లాడడు. నేనూ వస్తాను, టీ పట్టుకుని."

అలా మొదలైంది. ఆమె ఇంటికి చేరే వేళకి ఇద్దరూ మెట్లు దిగేవారు. ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో అతను కూర్చుని మేజోడు వేసుకున్న కాలి కింద సీసా దొర్లించేవాడు. అమ్మ ఫ్లాస్కులోంచి టీ పోసి ఊళ్ళో కబుర్లన్నీ చెప్పేది. తర్వాత అతను లేచి గోడకి చేతులానించి, ఒక కాలు వెనక్కి చాపి వంగేవాడు.

"ఆ గోడని ఎటు తోస్తున్నారు?" అని ఆమె అడిగింది మొదటిరోజు.

"పక్కింటి వైపు."

"కాస్త ఎక్కువ తోయండి, గది పెద్దదవుతుంది."

అతను నవ్వడం ఆమె అదే మొదటిసారి చూడటం. మాటలు రాని మనిషి అనుకుంది గానీ, అడిగినదానికి నిజం తప్ప ఇంకేమీ చెప్పడం రాదని మెల్లగా తెలుసుకుంది. అతను కూడా కొన్ని తెలుసుకున్నాడు. ఆమె టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగడం మర్చిపోతుందని, వీధిలో ఏ ఫోను మోగినా ఉలిక్కిపడుతుందని.

ఒకరోజు అమ్మ టీ పోసిచ్చి పొయ్యి మీద ఏదో పెట్టానని పైకి వెళ్ళింది. ఆమె చేతిలో టీ చల్లారిపోతోంది. అతను అడగలేదు. సీసా మాత్రం అటూ ఇటూ దొర్లుతోంది.

"ఒక పెద్దాయన ఫోన్ చేశాడు," అంది ఆమె ఉన్నట్టుండి. "ఈ ఇంటికి రాకముందు సంగతి. వాళ్ళావిడ పడిపోయింది, ఊపిరి లేదు. బండి బయల్దేరింది కానీ దారిలో ఏదో అడ్డం. ఛాతీ మీద ఎలా నొక్కాలో చెప్పాను. నేను లెక్కపెడుతుంటే నాతోపాటే లెక్కపెట్టాడు. బండి వచ్చేదాకా ఫోన్ పెట్టకూడదు, అది మా రూలు. ఎంతసేపు లెక్కపెట్టామో. ఆయన గొంతు అలసిపోతోంది, నాకు తెలుస్తోంది. ఆపొద్దండీ, ఆపొద్దండీ అంటున్నాను."

సీసా ఆగిపోయింది.

"చివరికి ఆయనే అన్నాడు. ఇక చాలమ్మా, నువ్వు కూడా అలసిపోయుంటావు అని. భార్య చేతికిందే పోతుంటే, నా సంగతి ఆలోచించాడు. తర్వాత బండివాళ్ళు వచ్చారు, లైన్ కట్టయింది. ఇంకో ఫోన్ మోగింది, తీశాను. ఆరోజు నుంచి కళ్ళు మూస్తే లెక్కే వినపడుతుంది."

అతనికి ఏం చెప్పాలో తెలియలేదు. తెలిసినట్టు నటించడమూ రాదు. "ఆయన గొంతు ఎలా ఉండేది?" అని అడిగాడు.

ఇంతవరకూ ఎవరూ ఆమెను అది అడగలేదు. నీ తప్పేముంది, మర్చిపో అన్నవాళ్ళే అందరూ. ఆమె ఆలోచించి చెప్పింది. కాస్త బొంగురు. ప్రతి మాట చివరా అమ్మా అనేవాడు. మధ్యలో ఒకసారి భార్యని ముద్దుపేరుతో పిలిచాడు. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఏడ్చి, కుర్చీలో తల వెనక్కి వాల్చి, మాట మధ్యలోనే నిద్రపోయింది.

అతను కదల్లేదు. కూర్చుని లేచాక వేసే మొదటి అడుగు తిన్నగా పడదు, తూలితే కుర్చీ జరిగి చప్పుడవుతుంది. గోడ గడియారం వంక చూశాడు. ప్రెస్‌కి వేళ మించిపోతోంది. అమ్మ గుమ్మంలోకి వచ్చి చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఎండ కిటికీలోంచి లోపలికి వచ్చి ఆమె కాళ్ళ దాకా పాకింది. ఆమె కళ్ళు తెరిచేదాకా అతను అలాగే కూర్చున్నాడు.

ప్రెస్‌కి వెళ్ళేసరికి అతని మెషిన్ మీద ఇంకొకడు ఉన్నాడు.

"అర్జంటు పని ఆగిపోయింది," అన్నాడు ఫోర్‌మన్. "ఆలస్యం ఎందుకైందని అడగను. కాలు చూస్తున్నానుగా. ఇక నా మాట విను. బైండింగ్‌లో కూర్చో."

ఈసారి అతను ఎదురు చెప్పలేదు. బైండింగ్ గదిలో మూలన కూర్చుని, తన మెషిన్ చప్పుడు దూరం నుంచి వింటూ, ఇంకొకరు ముద్రించిన ఫారాలు మడత పెట్టాడు. ఆ రంగు అంత బాగా లేదనిపించింది. అది మరీ బాధ.

మర్నాడు ఆమెతో చెప్పాడు. "కూర్చోబెట్టేశారు."

"నా వల్లేగా?"

"కాలి వల్ల."

"కూర్చుంటే తప్పేంటి?" అంది ఆమె. "చదువయ్యింది మొదలు నేను కూర్చునే పని చేస్తున్నాను. నన్నెవరూ చిన్నచూపు చూడలేదే."

అతను ఆ మాటని పగలంతా మడత పెట్టిన కాగితాలతోపాటు మనసులో తిప్పుకున్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు కమ్మీ పట్టుకోకుండా రెండు మెట్లెక్కాడు.

ఆమెకి రోజూ కాకపోయినా కొన్ని పొద్దుల్లో నిద్ర పట్టసాగింది, తన కుర్చీలోనే, సీసా దొర్లుతుండగానే. ఏ చప్పుడు మీదైతే పోట్లాటకి వెళ్ళిందో దాన్ని వింటూనే నిద్రపోతున్నందుకు ఆమెకి నవ్వొచ్చేది.

అలాంటి ఒక పొద్దున వాన మొదలైంది. ఆరేసిన బట్టలు తీయడానికి అమ్మ మేడమీదకి పరుగెత్తింది. తలుపు తెరిచే ఉంది. తడిసిన సంచీతో ఒక మనిషి లోపలికి వచ్చి నిలబడిపోయాడు. కుర్చీలో చెల్లెలు నిద్రపోతోంది. ప్యాంటు పైకి మడుచుకున్న ఎవడో గోడని తోస్తున్నాడు.

"ఎవరు మీరు?"

అతను గోడని వదిలి తిరిగాడు. "పై వాటా అండీ."

"పై వాటా పైన ఉండాలి కదా."

అతను సీసా తీసుకుని, నమస్కారం పెట్టి, మెట్లెక్కాడు.

ఆమె అప్పటికే లేచింది. అన్నయ్య గొంతు తగ్గించే మాట్లాడాడు, కోపమొస్తే అతని గొంతు అలా తగ్గుతుంది. "ఒక సంబంధం గురించి మాట్లాడదామని వచ్చాను. ఇక్కడ చూస్తే ఇదీ. ఒంటరిగా ఉంటానంటే నమ్మి పంపాను."

"అన్నయ్యా, నేను నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా?"

"అదేం మాట?"

"తెలుసా?"

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. ఆమె అంతా చెప్పింది, పెద్దాయన ఫోన్ నుంచి నేల మీద దొర్లే సీసా దాకా. విని, అన్నయ్య తడి సంచీ ఒళ్ళో పెట్టుకునే కూలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఫోన్ చేసి బాగున్నావా అంటావు. బాగున్నానంటే పెట్టేస్తావు. పై వాటా ఆయన అలా వదిలేయలేదు, అంతే."

అన్నయ్య ఆ సాయంత్రమే తిరిగి వెళ్ళిపోయాడు. సంబంధం మాట మళ్ళీ ఎత్తలేదు. అలాగని ఇంకే మాటా చెప్పలేదు.

పై వాటా అతను ఆ తర్వాత కిందికి రాలేదు.

"నువ్వు వెళ్ళకపోతే ఆ పిల్ల ఏమనుకుంటుందిరా?" అంది అమ్మ.

"వెళ్తే వాళ్ళన్నయ్య ఏమనుకుంటాడు?"

కింద ఆమె ఇంకోలా అనుకుంది. కాలు తగ్గుతోంది, ఇక నాతో పనేముంది అనుకుంది. అమ్మ ఒక్కతే ఫ్లాస్కుతో దిగి, ఎవరి తరఫునా మాట్లాడలేక టీ పోసి వెళ్ళేది.

కాలు నిజంగానే తగ్గుతోంది. కూర్చునే పని, మెత్తటి చెప్పులు, పొద్దునా రాత్రీ గోడ దగ్గర సాధన. ఒకరోజు అతను మంచం దిగి, కుళాయి దాకా వెళ్ళి, ముఖం మీద నీళ్ళు చల్లుకుంటూ ఆగిపోయాడు. నొప్పి లేదు. ఎప్పుడు పోయిందో తెలియలేదు. మేకు లేని నేల మీద రెండు పాదాలూ ఆనించి అలా నిలబడ్డాడు. అమ్మని పిలవబోయాడు. పిలవలేదు. ముందు చెప్పాలనుకున్న మనిషి అమ్మ కాదని అప్పుడు తెలిసింది.

ఆ వారమే ఫోర్‌మన్ అతన్ని మెషిన్ దగ్గరికి పిలిచాడు. నిలబడే చోట మందపాటి రబ్బరు పట్టా పరిచి ఉంది. పక్కనే ఎత్తు పీట ఒకటి. "మధ్యమధ్యలో కూర్చో," అన్నాడు, ఎటో చూస్తూ.

మర్నాడు తెల్లవారుతుండగా అతను గొడుగు తీసుకుని బయల్దేరాడు. కంట్రోల్ రూమ్ ఊరికి ఆ చివర ఉంది. ముసురు పట్టింది. బస్సు వచ్చినా ఎక్కలేదు. మూసి ఉన్న దుకాణాలు, నీళ్ళు నిలిచిన కాలిబాటలు, వంతెన దాటి వెళ్ళి ఆ భవనం ఎదుట నిలబడ్డాడు.

డ్యూటీ దిగినవాళ్ళతోపాటు ఆమె బయటికి వచ్చింది. అతన్ని చూసి ముందు భయపడింది. "ఆంటీకి ఏమైనా అయ్యిందా?"

"లేదండీ. అమ్మ బాగుంది."

"మరి ఇంత దూరం ఎలా వచ్చారు?"

"నడిచి."

ఆమె చూపు అతని కాళ్ళ మీద పడింది. చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ఇద్దరూ ఒకే గొడుగు కింద నడవడం మొదలుపెట్టారు.

"ఇన్నాళ్ళూ రాలేదు," అంది ఆమె.

"మీ అన్నయ్యగారు పైన ఉండమన్నారు."

"అన్నయ్య అన్నది ఒక్కసారి. నేను రోజూ కుర్చీ వేసే ఉంచాను."

అలా వంతెన దాకా నడిచారు. అతను వంతెన మీద ఆగాడు. "నాకు చుట్టూ తిప్పి చెప్పడం రాదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె కింద పారే నీళ్ళ వంక చూసింది. "కొన్ని పొద్దుల్లో ఎవరి గొంతో చెవిలో పెట్టుకుని ఇంటికొస్తాను. మాట్లాడను. వండను. ఎందుకని అడిగితే కోపమొస్తుంది. ఈ ఉద్యోగం మానను."

"మానొద్దు. అడగను. పక్కన కూర్చుంటాను."

"నాకు చెప్పాలనిపిస్తే?"

"వింటాను." నిజం దాచడం ఇష్టంలేక, "ఈ నొప్పి మళ్ళీ రావచ్చు అన్నాడు డాక్టర్. అది కూడా మీకు తెలియాలి," అన్నాడు.

"వస్తే రానీ," అంది ఆమె. "నువ్వు చెప్పకుండా దాచితే మాత్రం ఊరుకోను."

నువ్వు అన్నానని ఆమెకి అన్నాక తెలిసింది. వెనక్కి తీసుకోలేదు. బ్యాగులోంచి ఫోన్ తీసి అన్నయ్యకి కలిపింది. అవతల నిద్రమత్తు గొంతు పలికింది. ఆమె చెప్పాల్సింది రెండు మాటల్లో చెప్పింది.

"ఆయనకి ఇవ్వు," అన్నాడు అన్నయ్య.

అతను ఫోన్ అందుకున్నాడు.

"రాత్రి నిద్రపోయే ఉద్యోగం కాదు దానిది," అన్నాడు అన్నయ్య. "తెలుసుగా?"

"తెలుసండీ."

"కాలెలా ఉంది?"

"తగ్గిందండీ."

"అయితే ఆదివారం మీ అమ్మగారిని తీసుకుని మా ఇంటికి రండి. మాది నాలుగో అంతస్తు. లిఫ్ట్ లేదు."

అతను ఆమె వంక చూశాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ గొడుగు అతని వైపు ఇంకాస్త వంచింది.

"ఎక్కి వస్తామండీ," అన్నాడు.